నిషి కసాయ్‌లో మా అద్దె కాపురం

విదేశంలో రెండేళ్ళుండి వచ్చేద్దామని వెళ్ళేవాళ్ళ సంసారం తీరే వేరు. కొనబోయే ప్రతి వస్తువు దగ్గరా ‘ఎన్నాళ్ళుంటాం గనక’ అన్న ప్రశ్న అడ్డు తగులుతుంది. సోఫా వద్దు, కిందే కూర్చుందాం. నిలువుటద్దం వద్దు, స్నానాలగదిలోది చాలు. మంచి గిన్నెలు వద్దు, తిరిగి మోసుకెళ్ళేదెవరు? 2013 నవంబరులో ఏడాదిన్నర పాపను చంకన వేసుకుని నేను టోక్యోలో దిగే నాటికి, మా వారు ముందే వెళ్ళి ఈ పద్ధతిలోనే సగం ఇల్లు అమర్చి ఉంచారు. కంపెనీ ఆయనను ఒక బ్యాంకు పని మీద పంపింది. రెండేళ్ళలో ఆ పని ముగుస్తుందని కాగితం మీద ఉంది. నేను విశాఖపట్నంలో పాఠాలు చెబుతున్న డిగ్రీ కాలేజీలో జీతం లేని సెలవు పెట్టి బయలుదేరాను.

నరితా విమానాశ్రయంలోనే నాకూ పాపకూ చెరొక నివాస కార్డు చేతిలో పెట్టారు. పదహారేళ్ళ లోపు పిల్లల కార్డు మీద అప్పట్లో ఫోటో ఉండేది కాదు. పేరు, పుట్టిన తేదీ, కుటుంబంతో నివాసం అన్న హోదా, గడువు తేదీ, అంతే. సరిగ్గా నడక కుదురుకోని పిల్ల ఎప్పటిదాకా తమ నేల మీద ఉండవచ్చో ఒక ప్రభుత్వం అలా రాసి ఇచ్చింది. మా ముగ్గురిలో ఆ తేదీని ఏనాడూ పట్టించుకోనిది పాప ఒక్కతే.

మేమున్నది టోక్యో తూర్పు అంచున, ఎదొగావా వార్డులోని నిషి కసాయ్‌లో. సముద్రం వైపు ఉన్న ఆ ప్రాంతపు నేలలో చాలా భాగం 1970ల తర్వాత పూడ్చి పెంచినది. అంతకు ముందు అక్కడి తీరంలో నోరి అనే సముద్రపు నాచును పెంచి ఎండబెట్టేవారు. 2000 సంవత్సరం నాటి వైటూకే అనే కంప్యూటర్ తేదీల సమస్యను సరిదిద్దే పనుల రోజుల్లో మనవాళ్ళు అక్కడ స్థిరపడటం మొదలుపెట్టారు. ఒతెమాచి, కయబాచో ఆఫీసులకు తోజాయ్ అనే మెట్రో లైను మీద రైలు మారకుండా వెళ్ళగలగడం ఒక కారణం, యూఆర్ అనే ప్రభుత్వ సంస్థ అద్దె ఇళ్ళు ఉండటం రెండో కారణం. ప్రైవేటు ఇళ్ళవాళ్ళు చాలామంది పరదేశులనగానే మొహం చాటేసేవారు. ఇచ్చేవాళ్ళు కూడా ఇంటి యజమానికి కానుక అని, తిరిగి రాని ఒకటి రెండు నెలల అద్దె ముందే అడిగేవారు, పైగా జామీను ఉండేవాళ్ళు కావాలనేవారు. యూఆర్ ఇళ్ళకు కానుకా లేదు, జామీనూ అక్కరలేదు. కనుక ఆ ఇళ్ళ వరండాలలో పరుపుల పక్కన చీరలు ఆరేసి ఉండటం ఎవరికీ వింత కాదు.

అయితే అక్కడ అద్దె ఇల్లంటే నాలుగు గోడలే. గదుల్లో దీపాలు కూడా మనమే కొని తగిలించుకోవాలి. చలికాలం కావడంతో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గూకేది. మేము వెళ్ళిన రోజున వంటింట్లో తప్ప మరెక్కడా దీపం లేదు. పాప ఆ ఒక్క వెలుతురు చారలో అటూ ఇటూ పరుగెత్తుతూ, చీకటి గడప దగ్గరకు రాగానే ఆగి వెనక్కు తిరిగేది. గోడకు మేకు కొట్టకూడదు, ఖాళీ చేసేటప్పుడు లెక్క చెప్పాలి. దేవుడి పటాలు ఎక్కడ పెట్టాలన్నది నాకు పెద్ద బెంగ అయింది. చివరికి పరుపులు మడిచి దాచుకునే ఒషిఇరె అనే గోడ అలమరలో పై అరను మందిరం చేశాను. పొగ తగిలితే మోగే గంట నెత్తినే ఉండటంతో అగరుబత్తి బాల్కనీలో వెలిగించేదాన్ని. పూజ కాగానే తలుపు జరిపేస్తే దేవుళ్ళు అలమరలో ఉండిపోయేవారు. మా అత్తగారు ల్యాప్‌టాప్‌లో అది చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు.

పాప పరుగులు కింది ఇంటివాళ్ళకు వినిపిస్తాయన్నది అంతకంటే పెద్ద బెంగ. నూరు యెన్ల దుకాణంలో దొరికే నురుగు చాపలు, ఒకదాని పళ్ళలో ఒకటి ఇరికించేవి, హాలంతా పరిచాము. కొత్తగా ఇంట్లో చేరినవాళ్ళు రెండు పక్కలా, పైనా, కిందా ఏదైనా చిన్న కానుకతో పలకరించి రావడం అక్కడి మర్యాద అని మా వారి ఆఫీసులో చెప్పారు. సామాన్లో తెచ్చుకున్న కాకినాడ కాజాలను చిన్న పెట్టెల్లో సర్ది, పాపను ఎత్తుకుని నాలుగు తలుపులూ తట్టాము. కుడి పక్క ఇంట్లో ఒంటరిగా ఉండే మామ్మగారు పాపను చూసి నేల మీద మోకాళ్ళ మీద కూర్చున్నారు, పాప ఎత్తుకు సరిపోయేలా. ఆవిడను పాప మూడో రోజు నుంచే ‘బాచాన్’, అంటే మామ్మ, అనడం మొదలుపెట్టింది. ఎవరు నేర్పారో తెలియదు.

ఇక మన వంటింటి సంగతి. జపానులో కరెంటు నూరు వోల్టులు; మన మిక్సీకి రెండు వందల ముప్పై కావాలి. దానికి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవాలి. అది కొనుక్కోవడం దండగ, ఎవరి దగ్గరైనా తీసుకోండి అని అందరూ చెప్పారు. నిషి కసాయ్‌లో ఎవరు దేశం వదిలి వెళ్తున్నా ముందు ‘సయొనారా సేల్’ పెడతారు. పెద్ద వస్తువులను చెత్తలో పారేయాలన్నా డబ్బు కట్టి చీటీ కొని అంటించవలసిన ఊరు కనుక, అమ్మేవాళ్ళకు ధర కన్నా వదిలించుకోవడం ముఖ్యం. అలా కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒక అక్క మాకు రైసు కుక్కరు, బల్ల, పిల్లల కుర్చీ, వాటితో పాటు ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చింది. ఇటుక రంగు ఇనుప డబ్బా. ఎత్తబోతే నడుము పట్టుకుంటుంది. దాని ఒక వైపున కాగితపు టేపు ముక్కలు వరసగా అంటించి ఉన్నాయి. ఒకదాని మీద తమిళంలో ఎవరిదో పేరు, దాని కింద ఇంగ్లీషులో ఇంటి నంబరు, తర్వాత కన్నడంలోనో తెలుగులోనో చదవలేనంతగా చెరిగిన అక్షరాలు, అన్నిటికన్నా కింద ఆ అక్క చేతిరాత: ‘దోసెల పిండికి రెండు వాయిలు, మధ్యలో చల్లారనివ్వాలి.’ మిక్సీ తిరుగుతున్నంతసేపూ ఆ డబ్బా గుర్రుమనేది. పాప దానికి ఎదురుగా కూర్చుని తానూ గుర్రుమనేది.

మా వారి జపాను వేరు. తోజాయ్ లైను మీద కిబా స్టేషను దాటేటప్పటికి రద్దీ దాదాపు 200 శాతం అని అప్పటి లెక్కలు చెప్పేవి; పొద్దున్నే ఆ రైలులో నిలబడి వెళ్ళి, పాప పడుకున్నాక వచ్చేవారు. పగలంతా మేమిద్దరమే. 2014 ఫిబ్రవరి 8న నగరంలో 27 సెంటీమీటర్ల మంచు పడింది. 45 ఏళ్ళలో అంత చూడలేదని టీవీలో చెప్పారు. పాప దాన్ని ఉప్పు అనుకుని నాకింది.

ఊరు కొంచెం తెలిశాక వార్డువాళ్ళు నడిపే పిల్లల ఆటగదికి తీసుకువెళ్ళడం మొదలుపెట్టాను. ‘కొసొదాతె హిరొబా’ అంటారు, డబ్బు కట్టనక్కరలేదు. లోపలికి వెళ్ళగానే చెప్పులు వరసలో పెట్టి, బట్ట టేపు ముక్క మీద పాప పేరు, వయసు రాసి వీపున అంటించాలి. తల్లులందరూ గోడవారన కూర్చునేవారు, నేనూ కూర్చునేదాన్ని. మొదట్లో నాకు అక్కడ ఒక్క మాటా తోచేది కాదు. పాపకు ఆ ఇబ్బంది లేదు. బొమ్మ కావాలంటే చేయి చాచడం, ఇవ్వకపోతే ఏడవడం, ఇచ్చాక తల వంచడం, మూడూ అక్కడి పిల్లలను చూసే పట్టేసింది. నాకు తెలిసిన జపనీసు అంతా ఆ చాపల మీద, పాప వీపు వెనుక కూర్చుని విన్నదే. అమ్మలు పిల్లలతో మాట్లాడేటప్పుడు నెమ్మదిగా, ఒకే మాట నాలుగుసార్లు చెబుతారు కదా. ఏ భాషా పాఠశాలలోనూ అంత ఓపిక ఉండదు.

మధ్యాహ్నాలు గ్యోసెన్ పార్కు. అక్కడ ఒక చిన్న జంతుప్రదర్శనశాల ఉంది, దానికీ టిక్కెట్టు లేదు. పెంగ్విన్లు, ఎర్ర పాండాలు, గినీ పందులను తాకి చూడనిచ్చే ఒక కొట్టం. సెకండ్ హాండ్‌లో సైకిలు కొని, ముందు పిల్లల సీటు బిగించి, పాప నెత్తిన హెల్మెట్ పెట్టి బయలుదేరేదాన్ని. విశాఖలో సైకిలు తొక్కడం డిగ్రీతోనే మానేసిన నేను టోక్యోలో పిల్లనూ, వెనుక బుట్టలో అయిదు కిలోల బియ్యాన్నీ వేసుకుని అరకావా నది గట్టు మీద ఎదురుగాలిలో తొక్కాను. సాయంత్రం వార్డు లౌడ్‌స్పీకర్లలో ఒక పిల్లల పాట బాణీ వినిపించేది. భూకంపాలప్పుడు హెచ్చరించే స్పీకర్లు పనిచేస్తున్నాయో లేదో రోజూ అలా చూసుకుంటారట. పిల్లలకు మాత్రం అది ఇంటికి పొమ్మనే గంట. పాప ఎక్కడున్నా ఆ బాణీ వినగానే ఆట ఆపి సైకిలు దగ్గరకు నడిచేది. ఇంట్లో అన్నానికి రమ్మని నేను పిలిస్తే మాత్రం వినేది కాదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పరాయి దేశపు పిల్లకు ఆ దేశం ఎంత చేసిందో తలచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మూడేళ్ళ లోపు పిల్లలకు నెలకు 15,000 యెన్ల భత్యం, అప్పటి ఆదాయ పరిమితికి లోబడి, మన దేశస్థులకూ వర్తించేది. వైద్యమైతే టోక్యో వార్డుల్లో పిల్లలకు బీమా పరిధిలోని దానికి చేతి నుంచి పైసా పడేది కాదు. ‘ఊరికే ఎందుకిస్తారమ్మా, మళ్ళీ అడుగుతారేమో ఖర్చు పెట్టకండి’ అని మా అత్తగారు చాలాకాలం హెచ్చరించారు. అదే సమయంలో, బీమా కార్డు చూపించి ఫారం నింపలేక ఒక ఆసుపత్రి కౌంటరు దగ్గర జ్వరంతో కాలిపోతున్న పిల్లను ఎత్తుకుని చాలాసేపు నిలబడిన రోజు కూడా నాకు గుర్తుంది. కౌంటరులో అమ్మాయి ఎంతో మర్యాదగా, అదే ఫారాన్ని మళ్ళీ మళ్ళీ నా వైపు తిప్పింది. దయా, నియమమూ అక్కడ ఒకే ముఖంతో వస్తాయి. ఏది వచ్చిందో పోల్చుకోవడానికి కొంత కాలం పడుతుంది.

2014 మార్చి 31న జయ నామ సంవత్సర ఉగాది వచ్చింది. ఆ మర్నాటి నుంచి అమ్మకపు పన్ను అయిదు నుంచి ఎనిమిది శాతానికి పెరగబోతోంది. చెర్రీలు నిండుగా పూసిన రోజు. పొద్దున పచ్చడికి వేపపువ్వు మా నాన్న పార్సెల్‌లో పంపారు, మా పెరటి చెట్టుది, నీడన ఎండబెట్టి పొట్లం కట్టినది. మామిడికాయకు బదులు పుల్లటి ఆకుపచ్చ ఆపిల్ వేశాను. పచ్చడి పాప నోట్లో పెట్టి, అది మొహం చిట్లించడం ఫోటో తీసి ఇంటికి పంపి, ఆ వెంటనే పన్ను పెరిగేలోపు డైపర్లు కొనడానికి సూపర్ మార్కెట్‌కు పరుగెత్తాను. ఊళ్ళో తల్లులందరూ అక్కడే ఉన్నారు. నా ముందు వరసలో ఒకావిడ సైకిలుకు కట్టలేనన్ని టాయిలెట్ కాగితాల చుట్టలు కొని, వాటితో ఎలా వెళ్ళాలా అని ఆలోచిస్తూ నిలబడింది. నా పరిస్థితీ అదే. ఇద్దరం ఒకరి బండి ఒకరు పట్టుకుని కట్టుకున్నాము. ‘ఎన్నాళ్ళుంటాం గనక’ అనుకునే మేము ఆ రోజు ఆరు నెలలకు సరిపడా డైపర్లు కొన్నాము.

మే 5 అక్కడ పిల్లల పండుగ. ఆ తెల్లవారుజామున అయిదు దాటాక మంచి భూకంపం వచ్చింది; టోక్యో నడిబొడ్డులో 2011 తర్వాత అంత ఊగలేదన్నారు. పాప లేవలేదు. మేమిద్దరం పిల్లకు చెరో వైపు చేయి వేసి, పైనున్న దీపం ఊగడం ఆగేదాకా చూశాము. పొద్దున బాచాన్ తలుపు తట్టి, ముందు పాపను, తర్వాత గోడలను పరకాయించి చూసి, గుడ్డతో కుట్టిన చిన్న చేపల జెండా ఇచ్చి వెళ్ళారు. జూన్ 2న తెలంగాణ వచ్చింది. మా ట్రాన్స్‌ఫార్మర్ అక్క వాళ్ళాయన అంతకు ముందే తిరిగి వెళ్ళి ఉండటంతో ఫోనులో అభినందించాము.

అక్టోబరు మాత్రం మరచిపోలేను. 12వ తేదీ ఆదివారం హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద తీరం దాటింది. మద్దిలపాలెంలో మా అమ్మా నాన్నా ఇద్దరే ఉన్నారు. పొద్దున మోగిన ఫోను మధ్యాహ్నానికి మూగపోయింది. టీవీ వెబ్‌సైట్లలో విమానాశ్రయం పైకప్పు ఊడిన దృశ్యాలు, బీచి రోడ్డు మీద విరిగిన చెట్లు. ఎవరికి చేసినా అదే మాట, అందుబాటులో లేరని. సోమవారం టోక్యోకు సెలవు. ఆ రోజే మరో పెద్ద తుఫాను జపానులో కగొషిమా దగ్గర నేలను తాకి మా వైపు వస్తోంది. ఒసాకా వైపు చాలా రైళ్ళను ముందే ప్రకటించి ఆపేశారు. వార్డు స్పీకర్లలో ఏదో చెబుతున్నారు, గాలికి సగమే వినిపిస్తోంది. ఇక్కడ గాలి పెరిగినకొద్దీ నాకు అక్కడి గాలే చెవుల్లో మోగేది. బాల్కనీలో కుండీలు లోపల పెట్టుకోమని చెప్పడానికి వచ్చిన బాచాన్‌కు నా మొహంలో ఏం కనిపించిందో, తుఫాను భయమనుకుని టార్చిలైటు, బ్యాటరీలు తెచ్చి ఇచ్చారు. మా వారు మ్యాపు తెరిచి, ఇది కాదు, అది అని విశాఖను చూపించారు. ఆవిడ కొంతసేపు మ్యాపు మీదే చూపు నిలిపి, ఆ తర్వాత పాపను ఒళ్ళోకి తీసుకుని పడుకోబెట్టి గానీ వెళ్ళలేదు. టోక్యోకు పెద్ద నష్టమేమీ జరగలేదు.

కొన్ని రోజులకు ఎవరి ఫోను నుంచో నాన్న మాట్లాడారు. కరెంటు లేదు, నీళ్ళు లేవు, పాలు వంద రూపాయలు, అందరం బాగున్నాం. పెరట్లో వేపచెట్టు కూకటివేళ్ళతో లేచి పక్కవాళ్ళ గోడ మీద పడిందనీ, ఈ ఏడు పువ్వు పంపలేననీ చెప్పి, ఆ గోడ కట్టించే ఖర్చు గురించి చాలాసేపు మాట్లాడారు. మరుసటి ఉగాదికి నేను కాకరకాయ తురిమి వేశాను.

ఆ చలికాలంలో పాప బెంగలు వేరు. కసాయ్ రింకాయ్ పార్కు అక్వేరియంలో గుండ్రని పెద్ద తొట్టిలో ట్యూనా చేపలు గుంపుగా తిరుగుతూ ఉండేవి. ఆదివారాలు వాళ్ళ నాన్నతో వెళ్ళి అద్దానికి ముక్కు ఆనించి నిలబడేది. 2014 చివరి నుంచి ఆ చేపలు ఒక్కొక్కటే చచ్చిపోవడం మొదలై, 2015 మార్చి ఆఖరుకు ఒకే ఒక్కటి మిగిలింది. పత్రికలన్నీ రాశాయి. మిగతావి ఎక్కడికి వెళ్ళాయని పాప అడిగితే, మా వారు వాళ్ళ ఊరు వెళ్ళిపోయాయని చెప్పారు. ఎవరిదైనా సామాను అమ్మకానికి పెట్టారని తెలిస్తే మేము ఇంట్లో చెప్పుకునే మాట అదే కనుక దానికి అనుమానం రాలేదు.

మే నెలలో మూడేళ్ళ ఆరోగ్య పరీక్షకు రమ్మని వార్డు నుంచి కవరు వచ్చింది. అందులో చూపూ వినికిడీ ఇంట్లోనే పరీక్షించి రాసుకు రమ్మని కాగితాలు. ఆరు బొమ్మలున్న అట్టను పిల్ల ముందు పెట్టి, తల్లి కొంచెం దూరంగా నోటికి కాగితం అడ్డం పెట్టుకుని గుసగుసగా ఒక్కొక్క పేరే చెప్పాలి, పిల్ల వేలు పెట్టి చూపాలి. కుక్క, చెప్పులు, గొడుగు, ఏనుగు, పిల్లి, కుర్చీ. నేను తెలుగులో మొదలుపెట్టాను. ఏనుగు, కుక్క, పిల్లి చూపింది. గొడుగు అంటే నా వైపు చూసింది, మళ్ళీ అన్నాను, మళ్ళీ చూసింది. చెవి సరిగా వినిపించడం లేదేమోనని నా గుండె జారింది. ‘కసా’ అన్నాను, గొంతు ఇంకా తగ్గించి. వెంటనే వేలు పెట్టింది. మా ఇంట్లో వాన వచ్చినప్పుడల్లా ఆ మాటే వాడుతున్నామని అప్పటిదాకా నాకు స్ఫురించలేదు.

అదే నెలలో మా వారి ప్రాజెక్టు అనుకున్న దానికంటే ముందే ముగిసిందని కబురు వచ్చింది. జూలైలో బయలుదేరాము. ఖాళీ చేసే ముందు షోజీ అనే, కాగితం అతికించిన జరుపుడు తలుపుల కాగితం ఒక సమస్య అయింది. వాటికి పాప వేలితో పొడిచిన చిల్లులు ఎన్నో; ఎప్పటికప్పుడు బాచాన్ చెర్రీ పువ్వు ఆకారంలో కాగితం కత్తిరించి, గంజితో అతికించి వెళ్ళేవారు. కింది సగమంతా పూలే. తనిఖీకి వచ్చిన ఆయన వాటిని వేలితో తడిమి చూసి, నవ్వి, కొత్త కాగితం ఖర్చు బిల్లులో వేశారు. పిల్లల కుర్చీ, బల్ల, సైకిలు కొత్తగా వచ్చిన ఒక నెల్లూరు జంట తీసుకున్నారు. ట్రాన్స్‌ఫార్మర్ మీద నా టేపు ముక్క కూడా అంటించి ఇచ్చాను: ‘ఇడ్లీ పిండి వద్దు, కాలిపోతుంది.’ నరితాలో ముగ్గురి కార్డులకూ చిల్లు కొట్టి తిరిగి ఇచ్చారు.

విశాఖకు వచ్చాక కొంతకాలం పాప సాయంత్రమైతే బొమ్మలు సర్దేసేది, తర్వాత మానేసింది. ఇప్పుడు పదమూడేళ్ళు. నిషి కసాయ్ ఒక్క ముక్కా గుర్తు లేదు. మా వారిని అడిగితే రైలు రద్దీ చెబుతారు, నన్నడిగితే బాచాన్ గురించి చెబుతాను. మీరిద్దరూ ఒకే ఊళ్ళో ఉన్నారా అంటుంది. కార్టూన్ల పిచ్చిలో ఈ మధ్య తనంతట తాను జపనీసు నేర్చుకుంటోంది. గొప్పకు పోయి మొన్న నేనూ నాలుగు మాటలు మాట్లాడాను. పడీ పడీ నవ్వింది. నేను మాట్లాడేది మూడేళ్ళ పిల్లల భాషట. మన భాషలో చెప్పాలంటే కుక్కను భౌభౌ అంటున్నానట, పడుకోవడాన్ని జోజో అంటున్నానట, పెద్దవాళ్ళెవరూ అలా మాట్లాడరట.